ఎండాకాలంలో ఫ్లెక్స్ ప్రింట్ చెదరకుండా సరైన సెట్టింగ్స్ ఎలా పట్టుకోవాలి?

మే నెలలో మా అనంతపురం ఫ్లెక్స్ షాపుల్లో ఒకటే గోల, అక్షరాల పక్కన పొగ పట్టినట్టు సన్న చుక్కలు. ఇంకు చిమ్మే హెడ్ పోయిందనుకుని వేలకు వేలు పోసి మార్చకండి, ముందు ఇంకు సంగతి చూడండి.

మొదట కాలిక్యులేటర్ తీయండి. ఇంకు సాంద్రత, తలతన్యత, నాజిల్ (హెడ్‌లో ఇంకు చిమ్మే సన్న రంధ్రం) వ్యాసం గుణించి వర్గమూలం కట్టి విస్కాసిటీతో, అంటే ఇంకు చిక్కదనంతో భాగిస్తే వచ్చేది జెడ్ నంబర్, మామూలుగా 1కీ 10కీ మధ్య ఉంటే చుక్క శుభ్రంగా పడుతుంది. అన్నీ మీటరు, కిలో, సెకను కొలతల్లోకి మార్చుకోండి: సాంద్రత 1000, తలతన్యత 0.03, నాజిల్ 30 మైక్రాన్లు అంటే 0.00003 మీటర్లయితే వర్గమూలం 0.03, విస్కాసిటీ 4 సెంటీపాయిజ్ అంటే 0.004, జెడ్ 7.5 వస్తుంది. ఎండకి ఇంకు పల్చబడి 2.8కి జారిందా, జెడ్ 10 దాటేస్తుంది, చుక్క తోక తెగి పిల్ల చుక్కలు రాలతాయి, ఆ పొగ అదే! డేటాషీట్‌లో ఉండేది ఎక్కువగా 25 డిగ్రీల లెక్క, మన రేకుల షెడ్డులో మధ్యాహ్నం ఎంతుంటుందో మీకే తెలుసు.

తర్వాత సిమ్యులేషన్, అంటే చుక్క ఎలా పడుతుందో కంప్యూటర్‌లోనే వేసి చూడటం. ద్రవాల కదలిక లెక్కగట్టే ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరుకుతుంది, అందులో ఇంకునీ గాలినీ కలిపి లెక్కేసే ఇంటర్‌ఫోమ్ సాల్వర్ పెట్టి నాజిల్ మొత్తం కాకుండా సన్న ముక్క మాత్రమే గీయండి, గుండ్రంగా ఉంటుంది కాబట్టి అది చాలు, టైమ్ చాలా కలిసొస్తుంది. చుక్క వేగం మార్చి చూడండి, పై లెక్కకి సెకనుకి 2 మీటర్లు కూడా లేకపోతే చుక్క బయటికే రాదు, మరీ పెంచితే తోక సాగుతుంది. ఇక్కడ పనికిరాని రేంజ్‌లు కొట్టేస్తే బోలెడు ఇంకు మిగులుతుంది.

ఇక అసలు పని మెషిన్ మీద. వోల్టేజ్, హెడ్ వేడి, క్యారేజ్ స్పీడ్, హెడ్ గ్యాప్, ఒక్కోదానికి మూడు లెవెల్స్ అంటే 81 ప్రింట్లు, ఏయే కలయికలు వేస్తే సరిపోతుందో చెప్పే తగూచీ ఎల్9 టేబుల్ వాడితే 9 చాలు. ఒక్కో సెట్టింగ్‌కి మూడేసి ప్రింట్లు తీయండి, వరసగా మాత్రం వద్దు, చీటీలు తీసి ఆ ఆర్డర్‌లో వేయండి. నేను ఇదే పొరపాటు చేశా, పొద్దున తక్కువ వోల్టేజ్, మధ్యాహ్నం ఎక్కువ వోల్టేజ్ వేసి చుక్కలన్నీ వోల్టేజ్ వల్లే అనుకున్నా, తీరా చూస్తే షెడ్డు వేడి. చుక్క సైజు యూఎస్‌బీ మైక్రోస్కోప్‌తో ఫోటో తీసి ఇమేజ్‌జే అనే ఫోటో కొలతల సాఫ్ట్‌వేర్‌లో కొలవండి, తేడాల్లో ఏ సెట్టింగ్ వాటా ఎంతో విడదీసే అనోవా లెక్కని ఎక్సెల్‌లోనో ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లోనో వేస్తే ఏ సెట్టింగ్ ఎంత లాగుతుందో తేలుతుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి, ఎల్9లో నాలుగు సెట్టింగ్స్ నింపేస్తే ఒకదాని ప్రభావం ఇంకోదాన్ని బట్టి మారుతుందా అన్నది విడిగా తెలీదు. అందుకే వచ్చిన బెస్ట్ సెట్టింగ్‌తో మిట్టమధ్యాహ్నం ఇంకో మూడు ప్రింట్లు వేసి సరిచూడండి, ఇంకు కంపెనీ మారిస్తే లెక్క మళ్ళీ మొదట్నుంచీ వేయాల్సిందే.