రిమోట్ నొక్కినా ఆర్డుయినో స్పందించకపోతే ఏం చేయాలి?

ఆర్డుయినో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుకు, రిమోట్ పంపే కంటికి కనిపించని కాంతిని (ఐఆర్) అందుకునే రిసీవర్ తగిలించి, టీవీ రిమోట్‌తో దీపాన్నో ఫ్యాన్‌నో నడపాలనుకునేవారు, అది పనిచేయలేదనగానే లైబ్రరీని (రిమోట్ సంకేతాలను చదివే సిద్ధమైన ప్రోగ్రాం భాగాన్ని) తీసేసి మళ్ళీ ఎక్కిస్తారు, లేదా ఎక్కడో దొరికిన మరో ప్రోగ్రాంను అతికిస్తారు. తప్పు ఎక్కడుందో తెలియకుండా ప్రోగ్రాం మార్చడం వృథా ప్రయాస. రిమోట్, రిసీవర్, ప్రోగ్రాం అనే మూడు చోట్ల, ఇదే వరుసలో పరీక్షించాలి.

ఊనో బోర్డు, బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు, ఒక ఎల్‌ఈడీ, 1 కిలోఓమ్ రెసిస్టర్, 38 కిలోహెర్ట్జ్ రిసీవర్, ఏదైనా పాత రిమోట్ ఉంటే చాలు. ఏసీ రిమోట్‌ను మాత్రం దగ్గరికి రానీయకండి. ఉష్ణోగ్రత, మోడ్, ఫ్యాన్ వేగం అన్నీ కలిపి అది ఒక్క నొక్కుకే పొడవాటి సందేశం పంపుతుంది కనుక నేర్చుకునేవారికి పనికిరాదు.

మొదట ఫోన్ ముందు కెమెరాకు రిమోట్‌ను చూపి బటన్ నొక్కండి. తెరపై ఊదారంగు వెలుగు మిణుకుమంటే రిమోట్ బాగున్నట్లే. చాలా ఫోన్లలో వెనుక కెమెరా ఈ కాంతిని వడకట్టేస్తుంది కాబట్టి ముందు కెమెరానే వాడాలి.

తర్వాత రిసీవర్ కాళ్ళు. గుండ్రటి ముఖం మనవైపు పెట్టుకుంటే, టీఎస్‌ఓపీ1738 రకం రిసీవర్‌కు ఎడమ నుంచి గ్రౌండ్, సప్లై, అవుట్‌పుట్ వస్తాయి. టీఎస్‌ఓపీ38238కీ వీఎస్1838బీకీ అవుట్‌పుట్, గ్రౌండ్, సప్లై వస్తాయి. ఒకదాని బొమ్మ చూసి మరొకదాన్ని కలిపితే రిసీవర్ వేడెక్కి పాడయ్యే ప్రమాదం ఉంది. టీఎస్‌ఓపీ1738కి కనీసం 4.5 వోల్టులు కావాలి, 3.3 వోల్టుల బోర్డుపై అది సరిగా పనిచేయదు. నా మాట వింటే ఎప్పుడూ టీఎస్‌ఓపీ38238నే కొనండి, అది 3.3, 5 వోల్టుల బోర్డులు రెండింటికీ సరిపోతుంది. సప్లై నుంచి రెసిస్టర్, ఎల్‌ఈడీ మీదుగా అవుట్‌పుట్ కాలికి కలిపి రిమోట్ నొక్కితే ఎల్‌ఈడీ మిణుకుమనాలి. ఆ అవుట్‌పుట్ మామూలుగా హైలో (సప్లై వోల్టేజీ దగ్గర) ఉండి, సంకేతం వచ్చినప్పుడే లో (సున్నా వోల్టుల దగ్గర) అవుతుంది. ఈ పరీక్ష అయ్యాక ఎల్‌ఈడీని తీసేయండి.

ఇక అసలు కష్టమైన పని, పచ్చి సమయాలను కొలవడం. అవుట్‌పుట్‌ను 2వ పిన్‌కు కలిపి, అది హై నుంచి లోకి, లో నుంచి హైకి మారిన ప్రతిసారీ మధ్యలో ఎన్ని మైక్రోసెకన్లు గడిచాయో నమోదు చేయాలి. లైబ్రరీ వేయకముందే ఇది చేయాలని నేను పట్టుబడతాను. ఎందుకంటే లైబ్రరీ ‘తెలియని సంకేతం’ అని మాత్రమే చెప్పి ఊరుకుంటుంది, ఈ అంకెలు కారణాన్ని చూపిస్తాయి.

కొలిచేటప్పుడు మధ్యలో సీరియల్ మానిటర్‌కు (బోర్డు పంపే అక్షరాలను కంప్యూటర్‌లో చూపే కిటికీకి) ఏమీ రాయకూడదు. 9600 బాడ్ వేగంలో ఒక్క అక్షరం వెళ్ళడానికే సుమారు 1 మిల్లీసెకను పడుతుంది. చాలా రిమోట్లు వాడే ఎన్‌ఈసీ అనే సంకేత పద్ధతిలో ఒక బిట్ (ఒక సున్నా లేదా ఒకటి) పూర్తిగా రావడానికి పట్టే సమయం 1.1 నుంచి 2.25 మిల్లీసెకన్లే. పంపాల్సిన అక్షరాలు పేరుకుపోతే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది, ఈలోగా బిట్లు జారిపోతాయి. అందుకే 100 అంకెలు పట్టే అర్రేలో అన్నీ నింపి, సంకేతం ముగిశాకే ముద్రించాలి.

సంకేతం ముగిసిందని నిర్ణయించే గడువు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఎన్‌ఈసీలో మొదటి పల్సే (అవుట్‌పుట్ లోలో ఉండే సమయం) 9 మిల్లీసెకన్లు ఉంటుంది కాబట్టి గడువును 5 మిల్లీసెకన్లు పెడితే ఆరంభంలోనే తెగిపోతుంది. 15 మిల్లీసెకన్లు పెట్టండి. కొందరు పల్స్‌ఇన్ ఫంక్షన్‌తో లో సమయాన్ని కొలిచి, అన్ని బిట్లూ ఒకేలా ఉన్నాయని వాపోతారు. ఎన్‌ఈసీలో పల్సులన్నీ దాదాపు 560 మైక్రోసెకన్లే. సున్నా, ఒకటి తేడా వాటి మధ్య ఖాళీలో ఉంటుంది. ఖాళీ 560 అయితే సున్నా, సుమారు 1690 అయితే ఒకటి.

బటన్‌ను ఒక్కసారి నొక్కి వదిలి, వచ్చిన వరుసను చూడండి. ఎన్‌ఈసీ రిమోట్ అయితే 9000, 4500తో మొదలై మొత్తం 67 అంకెలు రావాలి. కచ్చితంగా 560 రాలేదని కంగారుపడకండి. రిసీవర్ పల్సును కాస్త సాగదీసి ఖాళీని ఆ మేరకు కుదిస్తుంది, కనుక 620, 500 లాంటి అంకెలు సహజం. బటన్ పట్టుకునే ఉంటే 9000, 2250, 560 అనే మూడంకెల పునరావృత సంకేతం వస్తుంది, అది లోపం కాదు. అంకెలు 889, 1778 చుట్టూ తిరుగుతుంటే ఆ రిమోట్ ఆర్‌సీ5 అనే మరో సంకేత పద్ధతిది. రిమోట్ ముట్టుకోకుండానే చిన్నచిన్న అంకెలు వస్తుంటే ఎండనో, సీఎఫ్‌ఎల్ దీపాన్నో, సప్లైలోని అలజడినో అనుమానించాలి. రిసీవర్ కాళ్ళ దగ్గరే సప్లై, గ్రౌండ్ మధ్య 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, సప్లై వైరులో 100 ఓమ్ రెసిస్టర్ వేస్తే సప్లై అలజడి అణుగుతుంది. వచ్చిన నాలుగు బైట్లలో (ఎనిమిదేసి బిట్ల గుంపుల్లో) మూడోదానికి నాలుగోది సరిగ్గా తలకిందులుగా, అంటే సున్నా చోట ఒకటి, ఒకటి చోట సున్నాగా, ఉందో లేదో చూడండి. ఉంటే సంకేతం చక్కగా అందినట్లే.

ఇప్పుడు లైబ్రరీ వేసుకోవచ్చు. అంకెలు సరిగా వచ్చి లైబ్రరీ మాత్రం తడబడితే టైమర్ల (బోర్డు లోపల సమయం లెక్కపెట్టే భాగాల) గొడవ చూడాలి. ఊనోపై ఐఆర్‌రిమోట్ లైబ్రరీ టైమర్ 2ను వాడుకుంటుంది. శబ్దం పుట్టించే టోన్ ఫంక్షన్‌కూ, 3, 11 పిన్ల పీడబ్ల్యూఎమ్‌కూ (వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వెలుగునో వేగాన్నో తగ్గించే పద్ధతికీ) కావాల్సింది అదే. డబ్ల్యూఎస్2812 అనే రంగులు మార్చే ఎల్‌ఈడీ పట్టీ ఉంటే, 60 దీపాలకు రంగులు పంపే 1.8 మిల్లీసెకన్లూ ఇంటరప్టులు (లైబ్రరీకి సంకేతాన్ని గమనించే అవకాశమిచ్చే పిలుపులు) ఆగిపోతాయి కాబట్టి, రిసీవర్ ఖాళీగా ఉన్నప్పుడే రంగులు మార్చాలి. మొదటి నొక్కు ఒక్కటే పనిచేసి ఆ తర్వాత అంతా నిశ్శబ్దమైతే, ప్రతి డీకోడ్ (సంకేతాన్ని చదవడం) తర్వాత, తర్వాతి సంకేతానికి సిద్ధం చేసే రెజ్యూమ్ ఫంక్షన్‌ను పిలుస్తున్నారో లేదో ప్రోగ్రాంలో చూసుకోండి.