ఒకే పెట్టెలో రౌటరూ సర్వర్లూ – 4వ పాఠం: రౌటర్ ఆగినా హోస్ట్ చేతికందాలి

ఈ పాఠంలో విఎల్ఏఎన్‌లు (ఒకే తీగ మీద వేరువేరు నెట్‌వర్క్‌లు) మొదలుపెట్టాలి. వాటిని వాయిదా వేస్తున్నాను. 3వ పాఠం చివర పాత రౌటర్‌ని పక్కనపెట్టి, ఓపీఎన్‌సెన్స్ వీఎంకి, అంటే రౌటర్ పని చేసే వర్చువల్ యంత్రానికి, నెట్‌వర్క్ అప్పగించమన్నాను. చాలామంది చిక్కుకున్నది అక్కడే. కొందరికి ఇంటర్నెట్ వస్తోంది కానీ ఆ వీఎంని నడిపే ప్రాక్స్‌మాక్స్ (ఇకపై హోస్ట్ అంటాను) పేజీ తెరుచుకోవడం లేదు. కొందరికి రెండూ పోయాయి, దాంతో మొత్తం చెరిపేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు. అంత దూరం వెళ్లనక్కర్లేదు. పెట్టెకి మానిటరూ కీబోర్డూ తగిలించి రూట్‌గా లాగిన్ అయితే రెండూ సరిచేయవచ్చు.

ఇంటర్నెట్ వస్తూ 8006 పోర్టు (ప్రాక్స్‌మాక్స్ పేజీ) మాత్రమే పలకకపోతే తప్పు చిరునామాలో ఉంది. హోస్ట్‌కి పాత రౌటర్ కాలం నాటి 192.168.0.50 లాంటి చిరునామాయే ఇంకా ఉంది. ఓపీఎన్‌సెన్స్ లాన్ (ఇంటి లోపలి) వైపు 192.168.1.1తో వస్తుంది. ఇప్పుడు లాప్‌టాప్ 192.168.1 వరుసలో ఉంది కాబట్టి 192.168.0.50ని బయటి చిరునామాగా లెక్కేసి గేట్‌వేకి, అంటే రౌటర్‌కి, పంపుతుంది. గేట్‌వేకీ ఆ వరుస తెలియదు, వాన్ (బయటి ఇంటర్నెట్) వైపు తోసేస్తుంది. ఆ ప్యాకెట్ ఇక తిరిగి రాదు.

సరిచేయడానికి ఈటీసీ కింద నెట్‌వర్క్ ఫోల్డర్‌లోని ఇంటర్‌ఫేసెస్ ఫైలు తెరవండి. విఎంబిఆర్0 (లాన్ బ్రిడ్జి) దగ్గర చిరునామా 192.168.1.2/24 అని, గేట్‌వే 192.168.1.1 అని రాసి, ఐఎఫ్‌రీలోడ్ -ఎ కొట్టండి. ఇక్కడితో ఆపేస్తే సగం పనే అయినట్టు. ఈటీసీలోని హోస్ట్స్ ఫైలులో కూడా యంత్రం పేరు పక్కన పాత చిరునామా ఉంటుంది, దాన్నీ మార్చాలి. కన్సోల్ తెర మీద 'ఈ చిరునామాలో తెరవండి' అని చూపించే వరుస ఈ పేరు నుంచే వస్తుంది. ఇది మార్చకపోతే తెర ఒక చిరునామా చెబుతుంది, యంత్రం ఇంకో చిరునామాలో ఉంటుంది.

ఇంటర్నెట్టూ పేజీ రెండూ పోయాయంటే ఎక్కువసార్లు వాన్, లాన్ తారుమారై ఉంటాయి. పోర్టులను వరుసను బట్టి ఊహించకండి. వీఎం హార్డ్‌వేర్ ట్యాబ్‌లో నెట్0, నెట్1 పక్కన మ్యాక్ చిరునామాలు (ఒక్కో కార్డుకీ ఉండే గుర్తింపు సంఖ్యలు) ఉంటాయి. ఓపీఎన్‌సెన్స్ కన్సోల్‌లో ఇంటర్‌ఫేస్‌లు కేటాయించేటప్పుడు వీటీనెట్0, వీటీనెట్1 పక్కనా అవే మ్యాక్‌లు కనిపిస్తాయి. వాటిని పోల్చి కేటాయిస్తే పొరపాటుకి చోటుండదు.

ఇక అసలు సంగతి. 'రౌటర్ వీఎం ఆగితే నెట్‌వర్కే ఉండదు, కాబట్టి హోస్ట్‌ని చేరలేం' అనే నమ్మకం దాదాపు అందరిలో ఉంది. ఇది తప్పు. మిగతా తప్పులన్నీ దీనికి పుట్టిన పిల్లలే, అందుకే ఇక్కడ కాస్త సాగదీస్తాను.

ఒకే సబ్‌నెట్‌లో (ఒకే చిరునామా వరుసలో) ఉన్న రెండు యంత్రాలు మాట్లాడుకోవడానికి రౌటర్ అక్కర్లేదు. లాప్‌టాప్ 192.168.1.9, హోస్ట్ 192.168.1.2 అయితే లాప్‌టాప్ ఏఆర్‌పీతో '1.2 ఎవరు?' అని అడుగుతుంది, హోస్ట్ తన మ్యాక్ చెబుతుంది, ప్యాకెట్లు నేరుగా వెళ్తాయి. దారిలో ఉన్నది స్విచ్, విఎంబిఆర్0 మాత్రమే. విఎంబిఆర్0 అంటే హోస్ట్ కెర్నల్ నడిపే స్విచ్, వీఎంలో భాగం కాదు. వీఎం ఆగినా, చెరిగిపోయినా అది నడుస్తూనే ఉంటుంది. రౌటర్ ఆగినప్పుడు నిజంగా పోయేవి మూడు: బయటికి దారి, కొత్త డీహెచ్‌సీపీ లీజులు (రౌటర్ యంత్రాలకు దానంతట అదే ఇచ్చే చిరునామాలు), పేర్లని చిరునామాలుగా మార్చే తర్జుమా. మూడింటిలో ఏదీ ప్రాక్స్‌మాక్స్ పేజీకి అవసరం లేదు. లాప్‌టాప్‌కి లీజు దొరకకపోతే చేత్తో 192.168.1.9, మాస్క్ 255.255.255.0 ఇవ్వండి, గేట్‌వే ఖాళీగా వదిలేయండి. పేరు కాకుండా అంకెలతో తెరవండి. లాప్‌టాప్ కేబుల్‌తో ఉండాలి, లేదా వైఫై పెట్టె ఉత్త యాక్సెస్ పాయింట్‌గా పనిచేస్తూ ఉండాలి.

ఈ సంగతి తెలియక చేసే పని: హోస్ట్‌ని డీహెచ్‌సీపీలో పెట్టి, రౌటర్‌లో దానికో చిరునామా రిజర్వ్ చేయడం. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, అన్ని చిరునామాలూ ఒకేచోట. కానీ హోస్ట్ లేస్తేనే రౌటర్ లేస్తుంది, రౌటర్ లేస్తేనే హోస్ట్‌కి చిరునామా. విత్తు ముందా చెట్టు ముందా? కరెంటు పోయి వచ్చిన రోజే ఇది బయటపడుతుంది. హోస్ట్ చిరునామా ఎప్పుడూ స్థిరంగా, డీహెచ్‌సీపీ పరిధికి బయట ఉండాలి. నేను పరిధిని 100 నుంచి మొదలుపెట్టి, 2 నుంచి 20 వరకు చేత్తో ఇచ్చే వాటికి వదిలేస్తాను.

ఇంకో తప్పు దీనికంటే ప్రమాదం: 'రౌటర్ ఆగినా హోస్ట్‌కి ఇంటర్నెట్ ఉండాలి కదా' అని విఎంబిఆర్1కి, అంటే వాన్ బ్రిడ్జికి, హోస్ట్ వైపు చిరునామా ఇవ్వడం. అలా చేస్తే ప్రాక్స్‌మాక్స్ లాగిన్ పేజీ ఫైర్‌వాల్‌ని దాటి వాన్ వైపు తెరుచుకుని కూర్చుంటుంది. విఎంబిఆర్1లో పోర్టు పేరు తప్ప చిరునామా గడీ, గేట్‌వే గడీ ఖాళీగానే ఉండాలి.

ఒకటి లేస్తేనే ఇంకోటి లేచే ఈ చిక్కు నిల్వ విషయంలోనూ తలెత్తుతుంది. రౌటర్ వీఎం డిస్క్ హోస్ట్ సొంత ఎస్‌ఎస్‌డీ మీదే ఉండాలి, అదే పెట్టెలోని నాస్ (ఫైళ్ల సర్వర్) వీఎం పంచే ఫోల్డర్‌లో కాదు. ఇన్‌స్టాల్ అయ్యాక సీడీ డ్రైవ్‌లోంచి ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) తీసేయండి. ఆ ఫైలు తర్వాత ఎప్పుడైనా చెరిపేస్తే వీఎం మొదలవ్వనే మొదలవదు.

మొదలయ్యే వరుస: రౌటర్‌కి ఆర్డర్ 1, అప్ ఆలస్యం 90 సెకన్లు. నాస్‌కి 2. మిగతావాటికి అంకె ఇవ్వకపోతే అవి వీటి తర్వాతే లేస్తాయి. ఆపేటప్పుడు వరుస తిరగబడుతుంది, రౌటర్ చివర ఆగుతుంది. కరెంటు తిరిగి వస్తే యంత్రం దానంతట అదే లేచేలా బయోస్‌లో పెట్టడం మర్చిపోకండి.

పింగ్ వెళ్తుంది, పేజీలు తెరుచుకోవు అన్నవారికి: ఓపీఎన్‌సెన్స్ ఇంటర్‌ఫేసెస్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ చెక్‌సమ్, టీఎస్‌ఓ, ఎల్ఆర్‌ఓ ఆఫ్‌లోడ్ (ప్యాకెట్ల పనిని కార్డుకి అప్పగించే సదుపాయాలు) మూడూ ఆపి, వీఎంని రీబూట్ చేయండి. వర్ట్‌ఐఓ కార్డుల (వీఎంకిచ్చే వర్చువల్ నెట్‌వర్క్ కార్డుల) దగ్గర ఇది తరచూ వచ్చే తంటా.

కొత్త ఎన్‌వీఎంఈ డిస్క్ గానీ నెట్‌వర్క్ కార్డు గానీ పెట్టాక హోస్ట్ కనిపించకుండా పోతే, పీసీఐ వరుస జరిగి కార్డు పేరు ఎన్‌పి2ఎస్0 కాస్తా ఎన్‌పి3ఎస్0 అయ్యుంటుంది. బ్రిడ్జి మాత్రం పాత పేరు కోసమే చూస్తుంది. కన్సోల్‌లో ఐపీ లింక్ కొట్టి కొత్త పేరు చూసి ఇంటర్‌ఫేసెస్ ఫైలులో మార్చండి. మళ్లీ జరగకుండా పేరుని మ్యాక్‌కి కట్టేయండి, ప్రాక్స్‌మాక్స్ 9లో దానికి పీవీఈ-నెట్‌వర్క్-ఇంటర్‌ఫేస్-పిన్నింగ్ అనే కమాండు ఉంది. పాస్‌త్రూ (కార్డుని నేరుగా వీఎంకే అప్పగించడం) వాడినవారికి ముప్పు ఇంకా ఎక్కువ: పీసీఐ అంకె జరిగితే వీఎం నెట్‌వర్క్ కార్డు బదులు హోస్ట్ డిస్క్ కంట్రోలర్‌ని లాక్కోవచ్చు. బ్రిడ్జిలతో పని జరుగుతుంటే పాస్‌త్రూ జోలికి వెళ్లవద్దనే నా సలహా.

అభ్యాసం. ఒకటి: రౌటర్ వీఎం ఆపి, లాప్‌టాప్‌కి చేత్తో చిరునామా ఇచ్చి, ప్రాక్స్‌మాక్స్ తెరిచి, అక్కడి నుంచే రౌటర్‌ని మళ్లీ లేపండి. ఇది కుదిరేదాకా రెండోదానికి వెళ్లకండి. రెండు: ఓపీఎన్‌సెన్స్ కాన్ఫిగ్ ఫైలునీ ఐఎస్‌ఓనీ లాప్‌టాప్‌లోకి దించుకోండి. 100వ వీఎం (ఇప్పుడున్న రౌటర్) ఆపి, స్టార్ట్ ఎట్ బూట్ తీసేయండి, లేకపోతే ఒకే చిరునామాతో రెండు రౌటర్లు లేస్తాయి. ఐఎస్‌ఓని లాప్‌టాప్ నుంచి హోస్ట్‌లోకి ఎక్కించి, ఇంటర్నెట్ లేకుండానే 101వ వీఎంలో కొత్తగా ఇన్‌స్టాల్ చేయండి. నెట్0, నెట్1 అదే వరుసలో అవే బ్రిడ్జిలకు తగిలించి, కాన్ఫిగ్ ఎక్కించండి. మొదటిసారి గంట పట్టవచ్చు, అరగంటలోపు వచ్చేదాకా చేయండి. అన్నీ సరిగ్గా ఉన్నా వాన్ చిరునామా రాకపోతే మోడెం పాత మ్యాక్‌నే గుర్తుపెట్టుకుని ఉంటుంది: మోడెం ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి, లేదా 100 తాలూకు వాన్ మ్యాక్‌ని 101కి రాయండి.