ఇంటికి నెట్ పెట్టించుకుంటున్నారా? ఏ కనెక్షన్, ఎంత స్పీడు తీసుకోవాలి

కర్నూలులోగానీ అనంతపురంలోగానీ కడపలోగానీ ఏ వీధిలో నిలబడి కరెంటు స్తంభం వైపు చూసినా నాలుగైదు నల్ల కేబుళ్లు చుట్టలు చుట్టుకుని వేలాడుతుంటాయి. వాటిలో ఏది మన ఇంటికి రావాలన్నది చాలామంది ప్లాను ధర, దాని పక్కనున్న ఎంబీపీఎస్ (వేగం) అంకె చూసి తేల్చేస్తారు. ఆ రెండింటికన్నా ముందు అడగాల్సింది ఒకటుంది: తీగ తెగితే ఎవరొస్తారు, ఎంతసేపట్లో వస్తారు? 300 ఎంబీపీఎస్ తీసుకుని నెలలో ఆరు రోజులు ఎర్రలైటు చూస్తూ కూర్చునేకన్నా, 40తో ముప్పై రోజులూ నడిచే లైను వెయ్యి రెట్లు నయం.

మన ఊళ్లలో తీగలు తెగడానికి కారణాలకు కొదవ లేదు. వేరుశనగ కట్టె ఎత్తుగా నింపుకుని వెళ్లే ట్రాక్టర్లు, వేసవి చివర ఈదురుగాలులు, స్తంభాలు మార్చే పనులు, కోతులు. కర్నూలులో కేసీ కెనాల్‌కు వినాయకులు కదిలే రోజైతే రోడ్డుకు అడ్డంగా ఉన్న తీగలన్నిటినీ కర్రలతో పైకెత్తాల్సిందే. అందుకే మొదటి పని ఫోన్‌లో ప్లాన్లు వెతకడం కాదు, మీ వీధిలోనే నాలుగిళ్లు తిరగడం. "పోయిన నెలలో ఎన్నిసార్లు పోయింది? ఫోన్ చేస్తే ఎప్పుడొచ్చినారు? రాత్రి తొమ్మిదికి ఎట్లుంటాది?" అని మూడు ప్రశ్నలు అడగండి. ఒకే కంపెనీ ఒక వీధిలో బాగుండి, పక్క వీధిలో బాగుండకపోవచ్చు. ఎందుకంటే లైను చూసే మనిషి వేరు.

మీ వీధికి వచ్చేది నిజంగా ఫైబరేనా?

బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్, ఏపీ ఫైబర్‌నెట్ ఇళ్లకు ఇచ్చే ఫైబర్ కనెక్షన్‌లో వెంట్రుక మందం గాజు తీగ ఇంట్లోని పెట్టె దాకా వస్తుంది. ఆ పెట్టె పేరు ఓఎన్‌టీ. ఏపీ ఫైబర్‌నెట్ తీగలు కరెంటు స్తంభాల మీదుగా వచ్చి, ఊళ్లోని కేబుల్ ఆపరేటర్ చేతుల మీదుగా ఇంటికి చేరతాయి. నెట్‌తో పాటు టీవీ, ఫోన్ కూడా అదే తీగలో వస్తాయి.

కొందరు చిన్న ఆపరేటర్లు "ఫైబర్" అనే చెబుతారుగానీ ఫైబర్‌ను స్తంభం మీది డబ్బా దాకా మాత్రమే తెచ్చి, అక్కడి నుంచి మామూలు ల్యాన్ వైరు లాగుతారు. తేడా కనిపెట్టడం కష్టం కాదు. ఇంట్లోకి వచ్చే తీగ సన్నగా, చివర ఆకుపచ్చ లేదా నీలం రంగు చదరపు పిన్నుతో ఉంటే గాజు తీగ. కాస్త లావుగా ఉండి, చివర లోపలి రాగి తీగలు కనబడే పారదర్శక క్లిప్పు ఉంటే ల్యాన్ వైరు. ఈ తేడా కరెంటు పోయినప్పుడు తెలిసొస్తుంది. స్తంభం డబ్బాలోని స్విచ్‌కు కరెంటు కావాలి. ఫీడరు పోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ ఉండదు. గాజు తీగను ఇళ్లకు పంచే స్ప్లిట్టర్‌కు కరెంటు అక్కర్లేదు. ఆపరేటర్ ఆఫీసులో బ్యాటరీ, మీ ఇంట్లో చిన్న యూపీఎస్ ఉంటే చాలు, నడుస్తూనే ఉంటుంది. పిడుగులప్పుడూ ఇదే తేడా. గాజులోంచి కరెంటు రాదు, రాగి తీగలోంచి వస్తుంది. పోర్టులు మాడిపోయేది చాలాసార్లు అందుకే.

తీగ రాని శివారు కాలనీలకు, తోటల్లోని ఇళ్లకు ఎయిర్‌ఫైబర్ ఉంది. మిద్దె మీద పెట్టే రిసీవర్ 5జీ టవర్ నుంచి సిగ్నల్ అందుకుని, కింద రౌటర్‌కు వైరుతో పంపుతుంది. తెగే తీగ లేదు, అది దీని బలం. టవర్ మీద జనం పెరిగే సాయంత్రాల్లో వేగం తగ్గుతుంది, అది దీని బలహీనత. టవర్‌కు మీ మిద్దెకు మధ్య వాటర్ ట్యాంకు, వేపచెట్టు అడ్డం లేకుండా చూసుకోవాలి.

పాత టెలిఫోన్ తీగ మీద వచ్చే డీఎస్ఎల్ ఇంకా ఎక్కడైనా ఉంటే, ఎక్స్ఛేంజీకి దూరం పెరిగేకొద్దీ వేగం పడిపోతుంది. వేరే దారి ఉంటే డీఎస్ఎల్ తీసుకోవద్దు.

ఎంత స్పీడు కావాలో కూడి చూడండి

2023 నుంచి మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ ఉండాలి. అది కనీసం మాత్రమే. ఇంటికి ఎంత కావాలో ఇలా లెక్కేయండి: ఫుల్ హెచ్‌డీ వీడియోకు 5, 4కే టీవీకి 15, వీడియో క్లాసుకు 4, ఒక్కో సీసీ కెమెరా ఫోన్‌లో చూడటానికి అప్‌లోడ్ 2.

ఐదుగురున్న ఇంటిని తీసుకుందాం. రాత్రి ఎనిమిదికి పెద్ద టీవీలో 4కే మ్యాచ్, రెండు ఫోన్లలో వీడియోలు, పిల్లకు ఈఏపీసెట్ ఆన్‌లైన్ క్లాసు. 15, 10, 4 కలిపితే 29. దానికి సగం కలుపుకుంటే 45 దాకా. అంటే 50 ప్లాను ఆ ఇంటికి సరిపోతుంది. ఇంట్లో ఒకరు సాఫ్ట్‌వేర్ పని ఇంటి నుంచే చేస్తూ పెద్ద ఫైళ్లు దించుకుంటుంటే 100 తీసుకోండి. 300 అవసరమయ్యే ఇళ్లు మన ఊళ్లలో తక్కువే.

ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబైట్లు కాదు, మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100 ప్లానులో సెకనుకు దిగేది 12.5 ఎంబీ. 2 జీబీ ఫైలుకు రెండు నిమిషాల నలభై సెకన్లు పడుతుంది, 40 ప్లానులో ఆరు నిమిషాల నలభై. "వంద అన్నారు, పన్నెండే వస్తోంది" అని ఆపరేటర్‌తో గొడవ పడేముందు ఈ లెక్క చూసుకోండి.

ప్లాను కాగితంలో చూడాల్సినవి

చూపించే ధర మీద 18 శాతం జీఎస్టీ కలుస్తుంది, 499 ప్లాను 589 అవుతుంది. "అన్‌లిమిటెడ్" పక్కన చుక్క (*) గుర్తు ఉంటే డేటా పరిమితి ఎంత, అది దాటాక వేగం ఎంతకు పడిపోతుందో అడగండి. అప్‌లోడ్ వేగం విడిగా అడగండి. కెమెరాలున్న ఇంటికి, దుకాణానికి అది ముఖ్యం. అద్దె ఇంట్లో ఉంటే ఏడాది డబ్బు ముందే కట్టొద్దు. కొత్త ఇంటి వీధికి ఆ లైను ఉంటుందన్న నమ్మకం లేదు.

బిగించే రోజు దగ్గరుండి చూడండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. గుమ్మం పక్కన టీవీ వెనక పెట్టె బిగించి వెళ్లిపోతారు. పాత మిద్దెల్లో రాతిగోడ ఒకటిన్నర, రెండడుగుల మందం ఉంటుంది, వైఫై దాన్ని దాటదు. పెట్టెను ఇంటి మధ్యలో, మనిషి ఎత్తున, ఇనుప బీరువాకు దూరంగా పెట్టించండి. రెండో గదికి సిగ్నల్ అందకపోతే రిపీటర్ల మీద డబ్బు పెట్టకుండా, తలుపుల మీదుగా ల్యాన్ వైరు లాగి రెండో రౌటర్ పెట్టండి. ఆ వైరు 100 మీటర్ల దాకా పనిచేస్తుంది.

తర్వాత లైన్‌మ్యాన్‌ను అడగండి: "అన్నా, మీటర్లో పవర్ ఎంత చూపిస్తాంది?" తీగలో వచ్చే వెలుతురు బలమది. మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే మంచి లైను. మైనస్ 27 దాటితే వాన పడ్డ రోజు తెగిపోయే లైను. పిన్ను మళ్లీ శుభ్రం చేసి, అతుకు మళ్లీ వేయమనండి, మొహమాటపడొద్దు. గాజు తీగను మేకుకు వంచి కట్టనివ్వకండి. మిగిలిన తీగను అరచేయంత చుట్టగా వదులుగా చుట్టించండి.

యూపీఎస్ కొనేముందు అడాప్టర్ మీద రాసినది చదవండి. ఓఎన్‌టీలు ఎక్కువగా 12 వోల్టులవి. ఎంత ఆంపియర్లు రాసుందో అంత లేదా అంతకన్నా ఎక్కువ ఇచ్చే యూపీఎస్ కావాలి.

లైన్‌మ్యాన్ ఇంట్లో ఉండగానే ల్యాప్‌టాప్‌ను ల్యాన్ వైరుతో కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. వైరుతో సరిగ్గా వచ్చి వైఫైలో రాకపోతే లోపం లైనులో లేదు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై దూరం పోతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, గోడలు అంతగా దాటదు. 200 ప్లాను పెట్టినా 95 దగ్గరే ఆగిపోతుంటే రౌటర్ పోర్టు పాత 100 రకం అయ్యుంటుంది, లేదా వైరులో నాలుగు జతలకు బదులు రెండే కలిసి ఉంటాయి. అదే పరీక్ష రాత్రి తొమ్మిదికి మళ్లీ చేయండి. పగలు 100, రాత్రి 15 వస్తుంటే ఆపరేటర్ పైనుంచి కొన్న బ్యాండ్‌విడ్త్ చాలడం లేదని అర్థం.

పోయినప్పుడు

ఓఎన్‌టీ మీద ఎల్‌ఓఎస్ దగ్గర ఎర్రలైటు వెలుగుతుంటే గాజు తీగలో వెలుతురు రావడం లేదు. పెట్టెను ఆపి వేసినా ఏమీ మారదు. మంచం కోడు కింద, తలుపు సందులో తీగ నలిగిందేమో చూడండి. పిన్ను పీకి వేలితో తుడవొద్దు, కంటికి ఎదురుగా పెట్టుకుని చూడొద్దు. ఎర్రలైటు లేకుండా, పాన్ (PON) లైటు నిలకడగా ఆకుపచ్చగా ఉండి నెట్ రాకపోతే ముందు రీచార్జి గడువు చూసుకోండి, ఆ తర్వాత ఒకసారి పెట్టె ఆపి రెండు నిమిషాలకు వేయండి.

ఫిర్యాదు చేసేటప్పుడు "నెట్ రాలేదు" అని కాకుండా "ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది, ఉదయం ఏడు నుంచి" అని చెబితే లైన్‌మ్యాన్ సరైన సామాన్లతో వస్తాడు. ఫిర్యాదు నంబరు రాసుకోండి. పని జరగకపోతే ఆ నంబరుతోనే కంపెనీ అప్పీలు అధికారికి రాయాలి.