అమెరికాకు కొత్తగా వచ్చినవారికి: ఇంటి మీడియా సర్వర్‌కు ఏ ప్రాసెసర్, ఏ పెట్టె?

ఇండియా నుంచి తెచ్చుకున్న హార్డ్ డిస్క్‌లో పెళ్లి వీడియోలు, పిల్లల వీడియోలు, కొన్న డీవీడీల నుంచి ఎక్కించుకున్న సినిమాలు ఉంటాయి. వాటిని ఇక్కడి టీవీలోనూ, అక్కడ అమ్మానాన్నల టీవీలోనూ చూడాలంటే ఇంట్లో ఒక చిన్న సర్వర్ (వీడియోలను దాచి, నెట్ ద్వారా టీవీలకు పంపే కంప్యూటర్) చాలు. చాలామంది కోర్లు లెక్కపెట్టి ఖరీదైన ప్రాసెసర్ కొంటారు. ఈ పనికి చూడాల్సింది కోర్లను కాదు, ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ చిప్ ఏ తరానిదో.

టీవీకి తెలిసిన ఫార్మాట్‌లోనే ఫైలు ఉంటే సర్వర్ దాన్ని ఉన్నదున్నట్టు పంపుతుంది, ప్రాసెసర్‌కు దాదాపు పని ఉండదు. టీవీకి ఆ ఫార్మాట్ తెలియకపోయినా, అవతలివాళ్ల నెట్ చాలకపోయినా సర్వర్ వీడియోను అప్పటికప్పుడు విప్పి, మళ్లీ కుదించి పంపాలి. దీన్నే ట్రాన్స్‌కోడింగ్ అంటారు. బ్లూరే నుంచి తీసిన సబ్‌టైటిల్స్ అక్షరాలుగా కాక బొమ్మలుగా ఉంటాయి కాబట్టి, వాటిని ఆన్ చేసినా చాలా టీవీల్లో ఇదే జరుగుతుంది. మన పెళ్లి వీడియోలతో మరో చిక్కు. పాత వాటిలో చాలావరకు సెకనుకు 25 ఫ్రేముల ఇంటర్‌లేస్డ్ ఫైళ్లు, అంటే ప్రతి బొమ్మనూ ఒక గీత విడిచి ఒక గీతగా రెండు విడతల్లో నమోదు చేసినవి. టీవీ యాప్ వాటిని సరిగ్గా ఆడించకపోతే మనుషులు కదిలినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి. సర్వర్ ట్రాన్స్‌కోడ్ చేస్తూ డీఇంటర్‌లేస్ చేస్తే, అంటే ఆ గీతలను కలిపి పూర్తి బొమ్మలుగా మారిస్తే, అవి పోతాయి.

ఈ పని మొత్తం కోర్ల మీద పడితే ఒక్క 4కే ఫైలుకే ఫ్యాన్ హోరెత్తుతుంది. ఇంటెల్ గ్రాఫిక్స్‌లో వీడియో కోసమే ఉండే క్విక్ సింక్ అనే భాగం అదే పనిని కొద్ది వాట్లతో చేసేస్తుంది. ఇంటెల్ 6వ తరం ‘కోర్’ (ఐ3, ఐ5, ఐ7) ప్రాసెసర్లు 4కే వీడియోలకు ఎక్కువగా వాడే హెచ్‌ఈవీసీ ఫార్మాట్‌ను 8 బిట్ రంగుల వరకే హార్డ్‌వేర్‌లో చదువుతాయి. 10 బిట్ కావాలంటే 7వ తరం ఉండాలి. 4కే హెచ్‌డీఆర్ (వెలుగునీడలు, రంగులు మరింత బాగా చూపే) ఫైళ్లన్నీ 10 బిట్టే కాబట్టి 6వ తరాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి. ఇంకా కొత్త ఫార్మాట్ అయిన ఏవీ1 ఫైళ్లను చదవడానికి 11వ తరం గానీ ఇంటెల్‌దే ఎన్100 చిప్ గానీ కావాలి. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ చిప్పే ఉండదు. గేమింగ్ కోసం డిస్కౌంట్‌లో కొన్న పీసీని సర్వర్‌గా మార్చేవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఏఎండీ గ్రాఫిక్స్ పనిచేస్తాయి గానీ, దాదాపు అన్ని టీవీలకూ తెలిసిన హెచ్.264 ఫార్మాట్ నాణ్యతలో ఇంటెల్‌ది పైచేయి. రాస్ప్‌బెర్రీ పై 5లో వీడియో ఎన్‌కోడర్ లేదు. ఫైళ్లు పంచుకోవడానికి బాగుంటుంది, ఈ పనికి వద్దు.

కొత్తది కొనాలంటే ఎన్100 మినీ పీసీ. 4 కోర్లు, 6 వాట్ల చిప్. పాతది చాలనుకుంటే ఆఫీసుల లీజు ముగిసి రీఫర్బిష్డ్‌గా అమ్మకానికి వచ్చే డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ చూడండి. 8వ తరం ఐ5-8500 లేదా 8500టీ ఉన్నవి మంచి బేరం. విండోస్ 11 అధికారికంగా 8వ తరం నుంచే మొదలవుతుంది. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందుకే 7వ తరం పెట్టెలు ఇంకా చవగ్గా దొరుకుతాయి. మీరు వేసేది విండోస్ కాక ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్సే అయితే 7వ తరం ఐ5-7500 కూడా ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది.

ప్రాసెసర్ తర్వాత పెట్టె సైజు. అరచేతి మందం ‘మైక్రో’, ‘టైనీ’ మోడళ్లలో 2.5 అంగుళాల డిస్క్ ఒక్కటే పడుతుంది. ఎక్కువ టెరాబైట్లుండే 3.5 అంగుళాల డిస్క్ లోపల పెట్టాలంటే ‘స్మాల్ ఫామ్ ఫ్యాక్టర్’ అని రాసి ఉన్నదే తీసుకోండి. మైక్రోకి బయటి డిస్క్ తగిలించినా నడుస్తుంది, కానీ ఆ డిస్క్‌కు సొంత పవర్ అడాప్టర్ ఉండాలి. యూఎస్‌బీ నుంచే కరెంటు లాక్కునే డిస్క్ అప్పుడప్పుడూ తెగిపోతుంటే లైబ్రరీలోంచి సినిమాలు మాయమవుతాయి. ర్యామ్ 8 జీబీ చాలు, స్లాట్లు రెండుంటే 4 జీబీవి రెండు వేయండి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు, లైబ్రరీలో కనిపించే సినిమా పోస్టర్లకు 256 జీబీ ఎస్‌ఎస్‌డీ కావాలి. పెన్‌డ్రైవ్ మీద నడపకండి, ఆగకుండా రాసీ రాసీ అరిగిపోతుంది.

డిస్క్ కొనేటప్పుడు స్పెసిఫికేషన్‌లో ‘సీఎంఆర్’ (డేటా వరుసలు విడివిడిగా ఉండే రకం) అని ఉందో లేదో చూడండి. వరుసలు ఒకదాని మీదికి ఒకటి వచ్చే ‘ఎస్‌ఎంఆర్’ డిస్క్ చదవడానికి బాగానే ఉంటుంది గానీ, వందల జీబీ ఒకేసారి కాపీ చేస్తే మధ్యలో నత్తనడక పడుతుంది, రెయిడ్‌లో (ఒకే డేటాను రెండు డిస్కుల్లో ఉంచే ఏర్పాటు లాంటిది) పాడైన డిస్క్ స్థానంలో కొత్తది నింపేటప్పుడు మరీ ఏడిపిస్తుంది. కొన్న వెంటనే డిస్క్ తనను తాను పూర్తిగా పరీక్షించుకునే ‘స్మార్ట్ లాంగ్ టెస్ట్’ పెట్టండి. పెద్ద డిస్క్‌కు చాలా గంటలు పడుతుంది. ఫలితాల్లో పాడైన చోట్లను లెక్కపెట్టే 5, 197 నంబర్ల ఎదురుగా ‘రా వాల్యూ’ గడిలో సున్నా కాకుండా ఏమున్నా గడువు దాటకముందే వాపసు చేయండి. డిస్క్‌ను లైనక్స్ వాడే ‘ఈఎక్స్‌టీ4’ (ext4) పద్ధతిలో ఫార్మాట్ చేయండి. ఇండియా నుంచి తెచ్చిన డిస్క్‌ను సర్వర్‌కు వాడకండి, అందులోవి కాపీ చేసుకుని బీరువాలో దాచండి. అదే మీ బ్యాకప్. రెయిడ్ ఉన్నా పొరపాటున చెరిపేసిన పెళ్లి వీడియో రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది.

ఇక్కడి కరెంటు 120 వోల్టులు. తెచ్చుకున్న అడాప్టర్ మీద 100–240 అని ఉంటే ప్లగ్ మారిస్తే సరిపోతుంది. 230 అని మాత్రమే ఉన్న యూపీఎస్ సామానులో పెట్టుకోకండి, ఇక్కడ పనికిరాదు. రోజంతా ఆన్‌లో ఉండే పెట్టె గనుక బిల్లు లెక్క కూడా చూసుకోవాలి. 10 వాట్ల మినీ పీసీ ఏడాదికి సుమారు 88 యూనిట్లు కాలుస్తుంది, ఖాళీగా ఉన్నా 60 వాట్లు లాగే పాత గేమింగ్ పీసీ 525. యూనిట్ 17 సెంట్లనుకుంటే ఏడాదికి తేడా దాదాపు 75 డాలర్లు. కాలిఫోర్నియాలో ఇంకా ఎక్కువ.

సాఫ్ట్‌వేర్‌లో ప్లెక్స్ వాడటం తేలిక, కానీ హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్‌కు ప్లెక్స్ పాస్ కొనాలి. 2025 ఏప్రిల్ చివరి నుంచి మన వీడియోలను ఇంటి బయటి నుంచి చూడాలన్నా డబ్బు కట్టాల్సిందే. జెల్లీఫిన్ పూర్తిగా ఉచితం. లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో దాన్ని వేశాక, జెల్లీఫిన్ యూజర్‌ను గ్రాఫిక్స్ చిప్ వాడే అనుమతి ఉన్న ‘రెండర్’ గ్రూపులో చేర్చి, ప్లేబ్యాక్ సెట్టింగుల్లో క్విక్ సింక్ ఎంచుకోండి. గ్రూపులో చేర్చడం మరిచిపోతే వీడియో ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో (కంటైనర్లలో) నడిపే డాకర్‌లో అయితే గ్రాఫిక్స్ డివైస్‌ను కంటైనర్‌కు అప్పగించాలి. తెలుగు సబ్‌టైటిల్స్ బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఫైలు తప్పు కాదు, తెలుగు ఫాంటు లేదని అర్థం. ఉబుంటులో నోటో ఫాంట్ల ప్యాకేజీ వేసి, జెల్లీఫిన్‌లో ‘ఫాల్‌బ్యాక్’ (అసలు ఫాంటు లేనప్పుడు వాడే) ఫాంట్ ఫోల్డర్‌గా దాన్ని చూపించండి.

సర్వర్‌ను రౌటర్‌కు వైఫైతో కాక కేబుల్‌తో కలపండి. టీవీ సంగతి వేరు. చాలా స్మార్ట్ టీవీల ఈథర్‌నెట్ పోర్టు 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగుతుంది. బ్లూరే నుంచి తీసిన 4కే ఫైలు కొన్ని సీన్లలో అది దాటి ఆగిఆగి నడుస్తుంది. అలాంటి టీవీకి 5 గిగాహెర్ట్జ్ వైఫైయే మేలు.

ఇండియాలో చూసేవాళ్లకు ముఖ్యమైనది మీ అప్‌లోడ్. కేబుల్ ప్లాన్‌లో డౌన్‌లోడ్ 300 ఎంబీపీఎస్ అని ఉన్నా అప్‌లోడ్ 10–20 ఎంబీపీఎస్ దగ్గరే ఉండొచ్చు, ముందే అడగండి. 5జీ హోమ్ ఇంటర్నెట్‌లోనూ, కొన్ని అపార్ట్‌మెంట్ల ఉమ్మడి నెట్‌లోనూ మీకంటూ పబ్లిక్ ఐపీ (బయటి నుంచి చేరగలిగే ఇంటర్నెట్ చిరునామా) ఉండదు, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటివాళ్లు సర్వర్‌ను చేరేలా రౌటర్‌లో దారి తెరవడం) కుదరదు. సర్వర్‌లోనూ, అక్కడి ఆండ్రాయిడ్ టీవీలోనూ రెండింటినీ సొంత నెట్‌వర్క్‌లా కలిపే టెయిల్‌స్కేల్ యాప్ వేస్తే ఈ అడ్డంకి తొలగుతుంది, పోర్టు తెరవక్కర్లేదు. కనెక్షన్ ‘రిలే’ (నేరుగా కాక మధ్యలో మరో సర్వర్ మీదుగా) అని చూపిస్తుంటే మాత్రం వేగం పడిపోతుంది. నాన్నగారి యాప్‌లో నాణ్యతను 720పీ, 3 ఎంబీపీఎస్‌కు మీరే కట్టేయండి. ‘ఆటో’లో వదిలేస్తే వీడియో సగంలో తిరిగే చక్రం దగ్గర ఆగిపోయి, ఇక్కడ అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది.