రెండు బార్ల ముక్క నుంచి మూడు నిమిషాల బాణీ దాకా

ట్యూన్ ముక్క దొరకడం పెద్ద కష్టం కాదు. హమ్ చేసి ఫోన్‌లో దాచుకున్నవి చాలామంది దగ్గర పదుల్లో ఉంటాయి. కష్టమంతా ఎనిమిది బార్లు (బార్ అంటే కొన్ని బీట్ల గడి, తాళంలో ఒక ఆవర్తం లాంటిది) దాటాక మొదలవుతుంది. అక్కడ ఆగిపోయినవాళ్లు సాధారణంగా ఇంకో ముక్క వెతుక్కుని దీనికి అతికిస్తారు, తర్వాత మూడోది అతికిస్తారు. బాణీ పొడుగవుతుంది గానీ వినేవాళ్లకి పట్టు దొరకదు. దొరికిన ముక్కలో ఏది కదపాలి, ఏది కదపకూడదు అన్నది తేల్చుకుంటే దాంతోనే మూడు నిమిషాలు నడపొచ్చు. ఇక్కడ ఒకే ముక్కతో చివరిదాకా అదే చేద్దాం.

మోహన రాగం స్వరాలు తీసుకుందాం: స రి గ ప ద. సి ని షడ్జంగా పెట్టుకుంటే కీబోర్డు మీద సి, డి, ఈ, జి, ఏ. బార్‌కి నాలుగు బీట్లు. కింది రాతలో ఒక్కో అక్షరం అర బీటు. కామా ముందున్న స్వరాన్ని మరో అర బీటు సాగదీస్తుంది. అంటే బార్‌కి ఎనిమిది గుర్తులు.

గ ప ద , ప , గ , | రి , గ , , , , ,

చదవడం ఆపి ఒకసారి వాయించండి, లేదా పాడండి. మిగతాదంతా దీని మీదే నడుస్తుంది.

ముక్కని విప్పి చూడటం

లయ: మొదటి బార్ లఘువు, లఘువు, గురువు, గురువు, గురువు. నడక: రెండు మెట్లు పైకి, రెండు మెట్లు కిందికి. పరిధి: రి నుంచి ద దాకా, అంటే పైన కిందా ఇంకా చోటుంది. ముగింపు: గ మీద. ఈ చివరిది ముఖ్యం. గ మీద ఆగితే మాట పూర్తికానట్టుంటుంది, అందుకే తర్వాత ఏదో రావాలనిపిస్తుంది. మీ ముక్క రెండు బార్లకే స మీద వాలిపోతోందా? ముందుకు సాగకపోవడానికి ముప్పాతిక వంతు కారణం అదే. చివరి స్వరాన్ని గ కో, ప కో, రి కో మార్చి చూడండి, తర్వాతి బార్ దానంతట అదే తోస్తుంది.

ఇప్పుడు ఒక పరీక్ష. ముక్క లయని ఒకే స్వరం మీద వాయించండి. తర్వాత అవే స్వరాల్ని అన్నీ సమానమైన నిడివితో వాయించండి. రెండింట్లో ఏది వింటే అసలు ముక్క గుర్తొస్తోందో అదే దాని ముఖం. ఎక్కువసార్లు లయే గెలుస్తుంది. 1808లో తొలిసారి వినిపించిన బీతోవెన్ ఐదో సింఫనీ మొదటి భాగం మూడు పొట్టి, ఒక పొడుగు స్వరాల మీద నడుస్తుంది. స్వరాలు ఎన్నిసార్లు మారినా ఆ లయ ఉన్నంతసేపూ వినేవాడు దారి తప్పడు. కాబట్టి మొదటి సగంలో లయని ముట్టుకోకండి, స్వరాలే మార్చండి. లయ మీద చెయ్యి వేసేది చెవికి అది బాగా పట్టేశాకే.

రెండు బార్లని ఎనిమిది చేయడం

కొలత ఇది: ముక్కకి 2 బార్లు, దాన్నే ఎత్తు మార్చి మళ్లీ చెప్పడానికి 2, దాని తునకలకి 2, ముగింపుకి 2.

1–2: గ ప ద , ప , గ , | రి , గ , , , , ,
3–4: ప ద స' , ద , ప , | గ , ప , , , , ,
5–6: గ ప ద , రి గ ప , | స రి గ , రి గ ప ,
7–8: ద , ప , గ , రి , | స , , , , , , ,

(స' అంటే పై స్థాయి షడ్జం.)

3–4 బార్లలో ముక్క అంతా మోహనంలోనే ఒక మెట్టు పైకి జరిగింది. కీబోర్డు సాఫ్ట్‌వేర్‌లో నోట్లన్నీ ఎంచి ఒకేసారి పైకో కిందికో లాగే అలవాటుంటే ఇక్కడ జాగ్రత్త. ఉదాహరణకి మొదటి బార్‌ని ఒక మెట్టు దింపాలనుకుని గ ప ద ని రెండు సెమీటోన్లు (సెమీటోన్ అంటే నల్లవీ తెల్లవీ కలిపి పక్కపక్క మీటల మధ్య దూరం) కిందికి లాగారనుకోండి, రి మ ప వస్తుంది. మోహనంలో లేని మధ్యమం చొరబడుతుంది. స్వరాల మధ్య దూరాలు సమానంగా లేకపోవడమే దీనికి కారణం: రి నుంచి గ కి రెండు సెమీటోన్లు, గ నుంచి ప కి మూడు. మెట్లు లెక్కపెట్టి చేత్తో మార్చుకోండి.

5–6 బార్లు అసలు కీలకం. ముక్కలోంచి ఎత్తుగడ మూడు స్వరాలే కత్తిరించాం, రెండు బీట్లకొకటి వస్తోంది. కొత్త స్వరం ఒక్కటీ లేకపోయినా వేగం పెరిగినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే చెవి లెక్కపెట్టే తునక పొట్టిదైంది. 7వ బార్‌లోని ద , ప , గ , ఎక్కడిదో చూశారా? మొదటి బార్ తోకే అది. దానికి రి, స చేర్చి కిందికి దించాం, అంతే. ముగింపు బయటి నుంచి తెచ్చి అతికించినట్టు ఉండకపోవడానికి ఇదే కిటుకు.

మెట్టు మెట్టుగా జరపడంలో ఒక హద్దుంది. ముక్క మొత్తం ఆకారాన్ని వరసగా రెండుసార్లు వినిపించవచ్చు. మూడోసారి మొదలుపెట్టినా మధ్యలో విరగ్గొట్టాలి. నాలుగోసారి కూడా మార్పు లేకుండా వస్తే సరళీ వరసలు సాధన చేస్తున్నట్టుంటుంది.

ఎనిమిదిని పదహారు చేయడం

ఈ ఎనిమిదిని అలాగే రెండుసార్లు వాయిస్తే చాలదు. మొదటిసారి ముగింపుని తెరిచి ఉంచండి:

7–8: ద , ప , గ , ప , | రి , , , , , , ,

రెండోసారి స మీద ముగించండి. మొదటిది అడిగినట్టు, రెండోది జవాబు చెప్పినట్టు ఉంటుంది. తీగవాద్యమో కార్డులో (కార్డు అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపు) ఉంటే ఆ రి కింద జి మేజర్ వేయండి, ఎదురుచూపు ఇంకా గట్టిపడుతుంది.

రెండోసారి మొదటి ఆరు బార్లు కూడా ఉన్నదున్నట్టు రాకూడదు. ఇక్కడ సంగతుల పద్ధతి కంటే మేలైనది తోచదు. త్యాగరాజ కీర్తనల్లో పల్లవి వింటే తెలుస్తుంది: మాటలు అవే, తాళం అదే, ఒక్కో సంగతిలో కొంచెమే మారుతుంది, ముందు సంగతిలో వచ్చిన మార్పు తర్వాతిదానికి పునాది అవుతుంది. మీ ముక్కకి మూడు సంగతులు రాసి చూడండి:

గ ప ద , ప , గ ,
గ ప ద , ప ద గ ,
గ ప ద స' ప ద గ ,

ఎత్తుగడ చెక్కుచెదరలేదు, మార్పు వెనక భాగంలో మాత్రమే. తలా తోకా రెండూ ఒకేసారి మారిస్తే అది సంగతి కాదు, వేరే ముక్క.

మధ్య భాగం

పదహారు బార్లు రెండుసార్లు విన్నాక చెవికి మార్పు కావాలి. చాలామంది ఇక్కడే సంబంధం లేని ట్యూన్ తెచ్చిపెడతారు. దానికి బదులు ఈ నాలుగింట్లో రెండు మార్చి, రెండు ఉంచండి: ఆధార షడ్జం, లయ నిడివి, స్థాయి, వాద్యం.

మోహనంలో ఆధారం మార్చడం చాలా తేలిక. ద ని షడ్జంగా అనుకుంటే గ్రహభేదంలో (ఇలా ఆధారం మార్చి వేరే రాగం పుట్టించడంలో) శుద్ధ ధన్యాసి రాగం వస్తుంది. గ ని అనుకుంటే హిందోళం, రి ని అనుకుంటే మధ్యమావతి. అవే ఐదు మీటలు, రంగు మాత్రం పూర్తిగా వేరు. కార్డుల భాషలో ద ఆధారమంటే సి మేజర్ నుంచి ఏ మైనర్‌కి వెళ్లడం. శ్రుతి పెట్టెతో పనిచేసేవాళ్లు శ్రుతి మార్చక్కర్లేదు. ద మీద పదే పదే ఆగుతూ, స ని దాటుకుంటూ వెళ్తే కొంతవరకు ఆ ఛాయ వస్తుంది. పూర్తి రంగు కావాలంటే మాత్రం బేస్ కూడా ద మీదికి మారాలి.

రెండో మార్పు నిడివి. ప్రతి స్వరాన్నీ రెట్టింపు చేయండి:

గ , ప , ద , , , | ప , , , గ , , ,

స్వరాల వరస పాతదే కాబట్టి బంధం తెగదు. కింద ఏ మైనర్ మోగుతుంటే అదే గ ఇప్పుడు మూడో స్వరం కాదు, ఐదోది; ఎఫ్ మేజర్ వేస్తే ఏడోది అవుతుంది. స్వరం కదలకుండానే అర్థం మారుతుంది. మెలోడీని మార్చే ముందు కార్డు మార్చి చూడటం ఎందుకు మంచిదంటే ఇందుకే.

నడకని తలకిందులు చేయడం కూడా ఇక్కడ బాగా పనికొస్తుంది: గ రి స , రి , గ , . పైకెక్కి దిగినది ఇప్పుడు దిగి ఎక్కుతుంది, లయ అలాగే ఉంది. వెనక నుంచి ముందుకు వాయించడం గురించి పాఠ్యపుస్తకాలు చాలా చెబుతాయి గానీ, కాగితం మీద కనిపించినంతగా అది చెవికి వినిపించదు. పైగా మన ముక్కలో గ ప ద ప గ ని తిరగేసినా గ ప ద ప గ నే వస్తుంది! మారేది లయ ఒక్కటే.

తిరిగి రావడం

మధ్య భాగం అయిపోగానే మొదటి ట్యూన్‌లోకి దూకితే కత్తిరించి అతికించినట్టు తెలిసిపోతుంది. నాలుగు బార్ల దారి వేయండి. గోపుచ్ఛ యతి, అంటే పోనుపోను కుదించుకుపోయే అమరిక, ఈ పనికి చక్కగా సరిపోతుంది:

గ ప ద , ప , గ , (8)
గ ప ద , ప , (6)
గ ప ద , (4)
గ ప (2)
ద , , , (4)

మొత్తం 24 గుర్తులు, సరిగ్గా మూడు బార్లు. నాలుగో బార్‌లో రి ఒక్కటే సాగనివ్వండి, లేదా పూర్తిగా మౌనంగా వదిలేయండి. రాసేటప్పుడు వేళ్ల మీద లెక్క వేసుకోవాలి. ఒక్క అర బీటు తేడా వస్తే తిరిగొచ్చే ఎత్తుగడ సమం (తాళం మొదటి దెబ్బ) మీద పడదు. కావాలనే అర బీటు ఆలస్యంగా ఎత్తుకోవడం వేరు. అది అనాగతం, దానికి తాళం మాత్రం కదలకూడదు.

మూడు నిమిషాల లెక్క

టెంపో 96 (నిమిషానికి 96 బీట్లు) అయితే నాలుగు బీట్ల బార్ 2.5 సెకన్లు. మూడు నిమిషాలకి 72 బార్లు:

ఆరంభం 4
మొదటి భాగం 16
అదే సంగతులతో 16
మధ్య భాగం 16
తిరుగు దారి 4
మొదటి భాగం మళ్లీ 12
ముక్తాయింపు 4

ఆ 12 ఎలా వచ్చిందంటే: జవాబు ఎనిమిది బార్లు వాయించి, స మీద వాలేటప్పుడు కింద సి మేజర్ వేయకుండా ఏ మైనర్ వేయండి. స ఆ కార్డులోనూ ఉంది కాబట్టి మెలోడీ తప్పనిపించదు, కానీ ముగిసినట్టూ అనిపించదు. అందుకని 7–8 బార్లు మళ్లీ వాయించాల్సి వస్తుంది. ఈసారి ఎఫ్ మేజర్. ఇంకోసారి వాయించి, అప్పుడు సి మేజర్. ఎనిమిదికి రెండు, మరో రెండు. అన్ని వాక్యాలూ నాలుగేసి బార్లకే తెగే బాణీలో ఇలాంటి సాగదీత ఒకటైనా ఉండాలి. రెండోది వద్దు, కిటుకు తెలిసిపోతుంది. ముక్తాయింపుకి మధ్య భాగంలోని రెట్టింపు నిడివి ముక్కే రెండు బార్లు, ఈసారి సి మేజర్ మీద. తర్వాత రెండు బార్ల స.

ఎక్కడ చెడుతుంది

లూప్ పెట్టుకుని రాయడంతో వచ్చే ఇబ్బంది వేరే రకం. నాలుగు బార్ల లూప్ తిరుగుతుండగా డ్రమ్స్, బేస్, ప్యాడ్ అన్నీ ఎక్కించేస్తారు. మొదటి పది సెకన్లలోనే ఉన్నదంతా అయిపోతుంది, ఇక పెంచడానికి ఏమీ మిగలదు. మొత్తం 72 బార్లూ మెలోడీ, బేస్ రెండింటితోనే రాయండి. అవి నిలబడ్డాకే మిగతా వాద్యాలు చేర్చండి. అప్పుడు కూడా తిరిగొచ్చిన మొదటి భాగం కోసం ఒక వాద్యాన్ని అట్టే పెట్టుకోండి.

బాణీలో అన్నిటికంటే ఎత్తైన స్వరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టండి. మన బాణీలో పై స' మూడో బార్‌లోనే వచ్చేసింది కాబట్టి మధ్య భాగంలో రి' దాకానో గ' దాకానో ఒక్కసారి వెళ్లాలి. మొత్తం నిడివిలో మూడింట రెండు వంతుల దగ్గర, అంటే 45–50 బార్ల మధ్య, అది పడితే బాగుంటుంది. అంతా ఒకే ఎత్తులో తిరిగితే ఎంత బాగా అల్లినా చప్పగా ఉంటుంది.

రాసింది రికార్డు చేసి మర్నాడు వినండి, బార్ నంబర్లు కనపడకుండా. ధ్యాస జారిన క్షణాన్ని రాసుకుని, సెకన్లని 2.5తో భాగించి అది ఏ బార్‌లో ఉందో పట్టుకోండి. జారింది 20–36 బార్ల మధ్యనైతే సంగతుల్లో మార్పు చాలలేదు. మధ్య భాగం మొదట్లోనైతే ఒకేసారి మరీ ఎక్కువ మార్చారు. లయనో స్థాయినో వెనక్కి తెచ్చేయండి. మళ్లీ వచ్చిన మొదటి భాగంలో విసుగు పుడితే ముందున్న తిరుగు దారి బలహీనంగా ఉందన్నమాట, ఆ భాగాన్ని కాక ఆ నాలుగు బార్లని తిరగరాయండి. ఆరంభంలోనే జారితే ఆ నాలుగు బార్లూ తీసేసి నేరుగా ఎత్తుగడతో మొదలుపెట్టండి.