సంత నుంచి తిరిగొచ్చిన పోతును ఆ రాత్రే మందలో కలపకండి

గంగ జాతరలు, బక్రీదు వచ్చాయంటే మన చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వైపు మేకపోతులు, పొట్టేళ్లు ఊళ్లు మారతాయి. అమ్ముడుపోనివి సాయంత్రానికి ఆటోలో మళ్లీ ఇంటికొస్తాయి. నా భయమంతా ఈ తిరిగొచ్చేవాటితోనే. వెనకాలే వానలు. తడిసిన జీవాలు దొడ్డిలో ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకుంటాయి. మేకలకు, గొర్రెలకు వైరస్‌తో వచ్చే పారుడు రోగానికి, అదే పీపీఆర్‌కి, ఇంకేం కావాలి?

మా ఇంట్లో జరిగింది ఇదే. ధర రాలేదని తెచ్చిన రెండు పోతుల్ని ఆ రాత్రే మందలో వదిలాం. అయిదో రోజు ఒకటి మేత ముట్టలేదు. ఒళ్లు కాలిపోతోంది, ముక్కు కారుతోంది. రెండు రోజులకు చీమిడి గట్టిపడి ముక్కు మూసుకుపోయింది, కనురెప్పలు పుసితో అతుక్కున్నాయి. మా నాయన గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి ఒక్కొక్కదానికీ కళ్లు తెరిపించేవాడు. నోరు తెరిస్తే చిగుళ్ల మీద తవుడు చల్లినట్టు పొర, కుళ్లు వాసన. ఆ తర్వాత పారుడు. నులిపురుగులనుకుని డీవార్మింగ్ మందు పోస్తూ నాలుగు రోజులు పోగొట్టుకున్నాం. పాలు మరిచిన పిల్లలే ఎక్కువ పోయాయి.

ఈ రోగాన్ని మొదట గుర్తించింది 1942లో, ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో. మన దేశంలో 1987లో, పక్కనే తమిళనాడులో, విల్లుపురం దగ్గరి అరసూరు గొర్రెల్లో బయటపడింది. కొన్నేళ్లకు ఉత్తరాదికీ పాకింది. ఎక్కడికైనా జీవాలతోనే వెళ్లింది. ఈ వైరస్ ఎండకు ఎక్కువసేపు బతకదు. దగ్గు తుంపర్లు, చీమిడి, పేడ, ఒకే తొట్టిలో నీళ్లు, ఇవే దాని దారులు. పైకి బాగానే కనిపించే జీవం కూడా అంటించగలదు.

అందుకే కొన్నదైనా, తిరిగొచ్చినదైనా మూడు వారాలు వేరే చోట కట్టేయండి. దాని తొట్టి వేరు. మేత ముందు మందకు, ఆఖరున దానికి. చేలో ఎరువు కోసం రెండు మందలు కలిపి కట్టే అలవాటు ఈ నెలల్లో మానుకోండి.

వైరస్‌ను చంపే మందు లేదు, టీకా ఉంది. చర్మం కింద ఒక మిల్లీలీటరు. ఒకసారి వేస్తే మూడేళ్లు కాస్తుంది, కానీ ఏటా పుట్టే పిల్లలకు మూడు నెలలు దాటాక విడిగా వేయించాలి. బలం రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి సంతకు తోలే ముందు రోజు వేయిస్తే లాభం లేదు. ఇది బలం తగ్గించిన, బతికున్న వైరస్‌తో చేసిన టీకా. ఐసు పెట్టెలో వచ్చిందో లేదో చూడండి, కలిపాక మిగిలింది మర్నాటికి దాచొద్దు. రిండర్‌పెస్ట్ అనే రోగం పీపీఆర్‌కి దగ్గరి చుట్టం. పశువుల్లో దాన్ని టీకాలతో తరిమి, 2011లో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు. పీపీఆర్‌నీ 2030 నాటికి లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు.

ముక్కు కారుతూ ఒకటి కనిపించినా పశువైద్య సహాయ నంబరు 1962కి ఫోన్ చేయండి. ఎంతోకొంతకు తోసేద్దామని జబ్బు జీవాన్ని సంతకు తోలకండి. చచ్చినదాన్ని లోతుగా పాతి సున్నం చల్లండి.

పక్క మందవాళ్లకు ఆ రోజే చెప్పండి. ఏమనుకుంటారోనని మేము రెండు రోజులు చెప్పలేదు. ఆ రెండు రోజులూ వాళ్ల మేకలూ మా మేకలూ ఒకే కుంటలో నీళ్లు తాగాయి.