సోమవారం ఆఫీసుకెళ్లే కారుతోనే ఆదివారం ఆటోక్రాస్

అమెరికాలో ఉంటూ కార్ల పిచ్చి ఉన్న మనవాళ్లు నన్ను ముందు అడిగేది, ఆటోక్రాస్‌కి, అంటే కోన్ల మధ్య ఒక్కో కారుగా టైముతో పోటీపడే ఆటకి, ఏ కారు కొనాలి అని. ఏదీ కొనక్కర్లేదు. ఖాళీ పార్కింగ్ లాట్‌లోనో పాత రన్‌వే మీదో కోన్లు పెట్టి దారి గీస్తారు, ఒక రన్ అటూ ఇటూగా నిమిషం, చాలా కార్లకి రెండో గేరు దాటే పని పడదు. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) ఈవెంట్లలో కోన్‌ని పడేస్తే మీ టైముకి 2 సెకన్లు కలుపుతారు, బంపరు మీద నారింజ రంగు గీత పడుతుంది, అంతే. ఎత్తయిన ఎస్‌యూవీలు మాత్రం బోల్తా పడతాయని చాలా చోట్ల రానివ్వరు, కాబట్టి ఇంట్లో సివిక్కో కరోలానో ఉంటే దాన్నే తీయండి.

ముందురోజు రాత్రి కారు ఖాళీ చేయండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ నాకు గంట పట్టింది: పిల్లల సీటు, సీట్ల కింద దొర్లే వాటర్ బాటిళ్లు, ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చి డిక్కీలోనే మర్చిపోయిన బియ్యం బస్తా, డ్రైవర్ కాళ్ల కింది మ్యాటు (అది జారి పెడల్ కింద ఇరుక్కుంటే ఏమవుతుందో ఊహించుకోండి). డ్యాష్‌బోర్డు మీది వినాయకుడికీ మినహాయింపు లేదు. వీల్ క్యాపులుంటే పీకేయండి, ఊడి ఎగురుతాయి.

పొద్దున టెక్ ఇన్‌స్పెక్షన్‌లో, అంటే రన్‌కి ముందు కారు భద్రంగా ఉందా అని చేసే తనిఖీలో, చూసేవి ఇంట్లోనే చూసుకోండి. బ్యాటరీని చేత్తో లాగితే కదలకూడదు, బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి దిగిపోకూడదు, కారు కింద ఆయిల్ కారకూడదు, చక్రాన్ని పట్టుకుని ఊపితే లొడలొడలాడకూడదు. చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించాలో అంకె పెట్టుకునే రెంచ్) బిగించండి, ఆ అంకె మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది. ఇంజన్ ఆయిల్ పై గీత దగ్గర ఉండాలి, పెట్రోలు సగం ట్యాంకు ఉంచండి, మరీ తక్కువుంటే మలుపుల్లో ఒకవైపుకి పోయి ఇంజన్ తడబడుతుంది.

ఇక డబ్బు సంగతి. నేను మొదటిసారి ఎవరో చెప్పారని రేస్ ట్రాక్ బ్రేక్ ప్యాడ్లు వేయించాను. అవి బాగా వేడెక్కితేనే పట్టుకునే రకం, నిమిషం రన్‌లో వాటికి వేడెక్కే టైమెక్కడిది, మొదటి మలుపులోనే కోన్ల మీదికి వెళ్లాను, పైగా వారమంతా సిగ్నల్ దగ్గర కీచుమంటుంటే పక్క కార్లవాళ్లు తిరిగి చూసేవాళ్లు. మామూలు ప్యాడ్లు అరిగిపోకుండా ఉంటే చాలు, బ్రేక్ ఫ్లూయిడ్ రెండు మూడేళ్లు దాటితే మార్చేయండి.

అసలు తేడా టైర్లలో ఉంది, అదీ పైసా ఖర్చు లేని గాలిలో. డ్రైవర్ తలుపు ఫ్రేము మీది స్టిక్కర్‌లో ఉన్న దానికన్నా ముందు టైర్లలో 4, 5 పీఎస్ఐ ఎక్కువ పెట్టి మొదలుపెట్టండి, టైరు మీద రాసి ఉన్న గరిష్ఠం మాత్రం దాటొద్దు. టైరు అంచు నుంచి పక్క గోడ మీదికి సుద్దతో మూడు చోట్ల గీయండి. రన్ అయ్యాక గీత ఎంతవరకు చెరిగిందో చూడండి: పక్క గోడ మీది చిన్న త్రికోణం గుర్తు దాటి చెరిగితే గాలి తక్కువ, అంచు దగ్గర కూడా చెరగకుండా మిగిలితే ఎక్కువ. టైర్లు వేడెక్కేకొద్దీ గాలి పెరుగుతుంది కాబట్టి రన్ రన్‌కీ గేజ్‌తో చూడాల్సిందే. ట్రెడ్‌వేర్ (టైరు అరుగుదల అంకె, తక్కువైతే త్వరగా అరుగుతుంది) 200 ఉన్న మెత్తటి టైర్లు కొనాలని చేతులు దురద పెడతాయి, మొదటి సీజన్ ఆగండి. ఉన్న ఆల్ సీజన్ టైర్లు జారబోయే ముందు అరిచి చెబుతాయి, కొత్తవాళ్లకి అంతకన్నా మంచి గురువు దొరకడు.

సీటు ముందుకి జరుపుకోండి, వీపు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి. హెల్మెట్ చాలా క్లబ్బులు అరువిస్తాయి, ముందే అడగండి. కారు మీద పోటీ నంబరు వేయడానికి పెయింటర్స్ టేపు సరిపోతుంది. టోపీ, నీళ్లు మర్చిపోవద్దు, మీ వంతు కానప్పుడు పడిన కోన్లు ఎత్తిపెడుతూ ఎండలో నిలబడాల్సింది మీరే.

తిరిగి హైవే ఎక్కేముందు, టైర్లు చల్లారాక గాలి స్టిక్కర్ అంకెకి తెచ్చేయండి, నట్లు ఇంకోసారి రెంచ్‌తో చూడండి.